లోయెన్ గ్రామము – రామ్నెఫెల్ కొండ

నార్వే దేశపు పడమటి తీరమున సముద్రము కొండల నడుమ ఇరుకుపాయలుగా చీలి, బహుదూరము లోపలికి చొచ్చుకొని వచ్చియున్నది. ఈ పాయలను ఫ్యోర్డులందురు. అందొకటియగు నోర్డ్‌ఫ్యోర్డ్ తూర్పుకొనను లోయెన్ అను చిన్న గ్రామము కలదు. జనసంఖ్య కొలది వందలు మాత్రమే. గ్రామము వెనుక లోవాట్నెట్ అను మంచినీటి సరస్సు; ఆ పైని యోస్తెదాల్ అను మహా హిమరాశి. యూరపు ప్రధానభూమిపై దీనిని మించినది లేదు.

సరస్సు లోపలికొనను బోదాల్, నెస్‌దాల్ అను పల్లెలుండెడివి. నిటారైన కొండలకును నీటికిని నడుమ చిక్కిన కొద్దిపాటి నేలయే వారి జీవనాధారము. పూర్వమక్కడ ఇంటిపేరనగా సేద్యపు నెలవు పేరే. నెలవు మారినచో పేరును మారెడిది; 1923 నాటి చట్టముతో గాని ఇంటిపేర్లు స్థిరపడలేదు. ఊరిపేర్లే ఇంటిపేర్లుగా గల మనకిది వింతగాదు. అయితే మన పూర్వులు ఊరు విడిచి ఎంతదూరము వచ్చినను పేరును మాత్రము వెంట తెచ్చుకొనిరి. వారికి ఆ వీలు లేకుండెను.

భూమి విషయమున వారికి ఓడెల్ అను ప్రాచీనమైన హక్కు కలదు. వంశపారంపర్యమైన భూమి పరులకు అమ్ముడుపోయినను, వంశీకులు తగిన వెలయిచ్చి మరల పొందవచ్చును. ఈ హక్కును రద్దుచేయరాదని 1814 నాటి రాజ్యాంగమే నిర్దేశించినది. భూమి దస్తావేజులు తిరుగవేసిన వారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1884లో లోయెన్‌లో అలెగ్జాండ్రా హోటలు వెలసెను. హిమరాశిని చూడవచ్చు యాత్రికులకై సరస్సుపై లోదాలెన్ అను చిన్న పొగయోడ నడిచెడిది.

1905 జనవరి 15, ఆదివారము రాత్రి, సరస్సుకు ఎదుటనున్న రామ్నెఫెల్ కొండనుండి పెద్ద చరియ విరిగి నీటబడెను. రామ్నెఫెల్ అనగా బొంతకాకి కొండ. అలలు 40 మీటర్ల ఎత్తునకు లేచి రెండు పల్లెలను తుడిచివేసెను. 61 మంది మరణించిరి. పెక్కుమంది దేహములు దొరకనే లేదు. లోదాలెన్ ఓడ ఒడ్డుదాటి వందల గజముల దూరమున పడెను.

మిగిలినవారు మరల అచ్చటనే ఇండ్లు కట్టుకొనిరి. దూరమునుండి చూచువారికి ఇది అవివేకముగా దోచును. నేనట్లనుకొనను. పొలము అక్కడ, పచ్చిక అక్కడ, పేరు సైతము అక్కడిదే. వేరొకచోట వారికి ఏమున్నది?

1936 సెప్టెంబరు 13 కూడ ఆదివారమే. తెల్లవారుజామున అదే కొండ మరింత ఎత్తునుండి, మునుపటికన్న చాల ఎక్కువగా విరిగిపడెను. ఈసారి అల 70 మీటర్లకు మించి లేచెను. 74 మంది మృతిచెందిరి. ముప్పదియొక్క సంవత్సరములుగా ఒడ్డున పడియున్న పాత ఓడను ఈ అల మరికొంత పైకి విసరివేసెను. ఆ నవంబరులోను, తిరిగి 1950లోను ఆ కొండ విరిగినది గాని ప్రాణనష్టము లేదు.

నేడు లోయెన్‌కు యాత్రికులు విశేషముగా వచ్చుచున్నారు. 2017లో సముద్రపు ఒడ్డునుండి హోవెన్ శిఖరమునకు తీగమార్గము వేసిరి. శిఖరపుటెత్తు 1,011 మీటర్లు. సరస్సు వెంబడి లోపలికి పోయినచో రామ్నెఫెల్‌పై చరియ విరిగిన తావు నేటికిని తెల్లగా కనబడును.