వంద అడుగుల వైరు

1950ల్లో న్యూ ఆర్లీన్స్ క్లబ్బుల్లో గిటార్ స్లిమ్ కచేరీ ఉందంటే జనం వేదిక వైపే చూస్తూ కూర్చుంటే లాభం లేదు. ఆంప్లిఫయర్ వేదిక మీదే ఉండేది. మనిషి మాత్రం ఎర్రటి సూటు వేసుకుని, దానికి తగ్గట్టు జుట్టుకు రంగు కొట్టించుకుని, గిటార్ వాయిస్తూనే జనం మధ్యకు దిగి, తలుపు దాటి వీధిలోకి వెళ్లిపోయేవాడు. బయట కార్లు ఆగేవి. లోపలున్నవాళ్లకు గిటార్ మాత్రం వినపడుతూనే ఉండేది. ఆ వీధికీ ఈ వేదికకూ మధ్య నేల మీద పాకుతూ ఒక వైరు. పొడవు వంద అడుగుల పైమాటే. 350 అడుగులని చెప్పినవాళ్లూ ఉన్నారు.

న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా రాష్ట్రంలోనే పెరిగిన గిటారిస్టు బడ్డీ గై కుర్రతనంలో బ్యాటన్ రూజ్‌లో స్లిమ్ కచేరీ చూశాడు. గిటార్ మోగుతోంది, వాయించేవాడు కనపడడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే, ఒక భారీ మనిషి స్లిమ్‌ను చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తలుపులోంచి లోపలికి తెస్తున్నాడు. 1957లో షికాగో చేరిన బడ్డీ గై తానూ పొడవాటి వైరు సంపాదించి, చలికాలంలో కూడా క్లబ్బు బయటికి నడిచి వాయించాడు. ఎలక్ట్రిక్ గిటార్‌కు వైరు ఉండాలా, వైర్‌లెస్ ఉండాలా అన్న చర్చ ఈ రోజుది కాదు. గిటార్‌కు వైర్‌లెస్ రాకముందే, చేతిలో ఉన్న వైరును సాగదీసినంత దూరం సాగదీసి ఆ చర్చను మొదలుపెట్టినవాడు ఎడ్డీ జోన్స్ అనే ఈ గిటార్ స్లిమ్. 1959లో, 32 ఏళ్లకే చనిపోయాడు.

ఆ వైరు ఊరికే వెంట రాలేదు. స్వరంలో కొంత తినేసింది.

గిటార్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగితీగ. అందులో పుట్టే విద్యుత్తు బహు బలహీనం. అది ఆంప్ దాకా వెళ్లే వైరులో మధ్య తీగ ఒకటి, దాని చుట్టూ అల్లిన రాగి తొడుగు ఒకటి. ఈ రెండూ పక్కపక్కన ఉండడం వల్ల వైరంతా విద్యుత్తును కొంత పట్టి ఉంచుకునే ఒక సన్నటి, పొడవాటి కెపాసిటర్ అయిపోతుంది. ఆ పట్టుకునే శక్తి మామూలు వైరుకు అడుగుకు సుమారు 30 పికోఫారడ్లు అనుకుంటే, 15 అడుగులకు 450, వంద అడుగులకు 3,000. రెండున్నర హెన్రీల పికప్‌కు పొట్టి వైరు తగిలిస్తే స్వరం బాగా మెరిసే చోటు సుమారు 4,500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వంద అడుగుల వైరు తగిలిస్తే అది 2,000 లోపుకు దిగిపోతుంది. మీటులోని ఆ చురుకు, గాజు గిన్నె అంచును తట్టినట్టుండే ఆ పై మెరుపు పోయి, గొంతు కాస్త బొంగురుపడి మధ్యలో బలుస్తుంది. అంటే స్లిమ్ వీధిలోకి నడిచినప్పుడు మోగింది అతని గిటార్ ఒక్కటే కాదు, ఆ వైరు కూడా. కేబుల్‌ను నీళ్ల గొట్టంలాంటిదని అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. అది వాయిద్యంలో ఒక భాగం.

ఈ వైరు చివరన ఉండే పిన్ వయసు ఎలక్ట్రిక్ గిటార్ వయసు కంటే ఎక్కువ. 1878 జనవరిలో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో మొదటి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్చేంజి తెరిచారు. ఆ ఏడాదే సెప్టెంబరులో బోస్టన్‌లో ఎమ్మా నట్ మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వేలమంది ఆడవాళ్లు స్విచ్‌బోర్డుల ముందు కూర్చుని, పిన్ లాగి పిన్ గుచ్చుతూ ఊళ్లను కలిపారు. ఈ బోర్డుల కోసం షికాగోలో చార్లెస్ స్క్రిబ్నర్ తయారుచేసిన స్విచ్ మడతకత్తిని పోలి ఉండేది. ఇంగ్లీషులో మడతకత్తికున్న పేరు జాక్‌నైఫ్, పిన్ గుచ్చే గుంటకు 'జాక్' అన్న పేరు అందులోంచే వచ్చింది. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల ఆ పిన్ కొలత ఇప్పటికీ మారలేదు. మన సౌండ్ సామాన్ల దుకాణాల్లో పి-38 పిన్ అని అడిగితే చేతిలో పెట్టేది దాని వారసుణ్ణే. రోజుకు వందలసార్లు గుచ్చి తీసినా అరగకుండా ఉండాలని టెలిఫోన్ వాళ్లు చేసుకున్న పిన్, ఊగుతూ గెంతే మనిషి నడుముకు వేలాడాల్సి వస్తుందని వాళ్లెందుకు అనుకుంటారు?

నిజానికి మొదట్లో ఎవరూ గెంతలేదు. జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ లాస్ ఏంజెలిస్‌లో 1930ల మొదట్లో తెచ్చిన 'ఫ్రైయింగ్ ప్యాన్' హవాయి గిటార్. ఒళ్లో పడుకోబెట్టుకుని వాయించేది. కూర్చున్న మనిషికి పది అడుగుల వైరు ధారాళంగా సరిపోతుంది. మన వేదికల మీద కూడా అంతే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎనిమిది తీగల వాయిద్యాన్ని అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించాడు. కాళ్లు మడుచుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, అప్పుడప్పుడూ చిరునవ్వు నవ్వుతూ వాయించే ఆయనకు వైరు అడ్డం వచ్చే ప్రశ్నే లేదు. వైరుతో పేచీ వచ్చింది నిలబడ్డవాళ్లకే.

నిలబడ్డవాళ్లు పెరిగేకొద్దీ గిటార్ చేసేవాళ్లూ దారులు వెతికారు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో జాక్‌ను పక్క అంచున కాకుండా ముందువైపున, ఏటవాలు గుంటలో పెట్టారు. గిబ్సన్ లెస్ పాల్‌లో అది పక్క అంచునే ఉంటుంది. వైరు ఎవరి కాలి కిందైనా పడి గుంజుకుపోకుండా వాయించేవాళ్లు దాన్ని ఒకసారి గిటార్ పట్టీలోంచి తిప్పి గుచ్చుకోవడం నేర్చుకున్నారు. ఇప్పటికీ ఏ కుర్రాడికైనా మొదటి కచేరీలో పెద్దవాళ్లు నేర్పే మొదటి జాగ్రత్త ఇదే. 1960ల్లో స్ప్రింగులా సాగే చుట్టల వైరు వాడుకలోకి వచ్చింది. జిమీ హెండ్రిక్స్ వాడినది అదే. చుట్టల్లో దాగి ఉన్న పొడవు కూడా పొడవే కదా, దాని బరువు స్వరం మీద పడుతుంది. అతని గిటార్‌లో చెవికి గుచ్చుకోని ఆ వెచ్చదనానికి వైరు కూడా కొంత కారణం.

ఇంతవరకూ వైరుతో వచ్చింది చిక్కు. ఆ తర్వాతది భయం.

వైరు పై తొడుగు ఒక కొసన గిటార్ తీగలకూ, రెండో కొసన ఆంప్ ఇనుప చట్రానికీ కలిసి ఉంటుంది. అంటే తీగ మీద చెయ్యి వేసినవాడు ఆంప్‌ను ముట్టుకున్నట్టే. ఆనాటి చాలా ఆంప్‌లకు రెండు పుల్లల ప్లగ్గే, ఎర్త్ లేదు. పాట పాడే మైకు వేరే లైనులో వేరే యంత్రానికి కలిసి ఉండేది. రెంటి మధ్య ఓల్టేజి తేడా ఉంటే, చేతిలో గిటార్ పట్టుకుని పెదవి మైకుకు ఆనించిన మనిషే ఆ రెంటినీ కలిపే తీగ అవుతాడు. 1965 డిసెంబరులో శాక్రమెంటోలో గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటార్ మైకు స్టాండుకు తగిలి, అతను స్పృహ తప్పి పడిపోయాడు. కాళ్లకున్న రబ్బరు అడుగుల బూట్లు కాపాడాయంటారు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్‌సీలో 'స్టోన్ ది క్రోస్' బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైకును ముట్టుకున్నాడు. జనం చూస్తుండగానే ప్రాణం పోయింది. వైర్‌లెస్ కథను సోకు కథగా, గెంతులాటల కథగా చెప్పేవాళ్లు ఈ మరణాన్ని మరిచిపోకూడదు.

కార్డ్‌లెస్ మైకు అప్పటికే ఉంది. ఇంగ్లండులో రెజ్ మూర్స్ తాను చేసిన రేడియో మైకును 1949లో బ్రైటన్‌లో మంచు మీద ఆడిన 'అల్లాదీన్' ప్రదర్శనలో వాడి చూపించాడు. 1953లో షూర్ కంపెనీ 'వేగబాండ్' పేరుతో ఒకటి అమ్మకానికి పెట్టింది. కానీ మాటకు సరిపోయింది గిటార్‌కు సరిపోలేదు. మీటిన క్షణాన ఉరిమి, ఆ తర్వాత చాలాసేపు సన్నగా, సన్నగా సాగే స్వరం గిటార్‌ది. ఆ ఉరుము రేడియోను పగలగొట్టేది. ఆ సన్నటి చివర హిస్సుమనే గాలిలో మునిగిపోయేది. పైగా రేడియో తరంగం గోడలకు తగిలి రెండు దారుల్లో వచ్చి, ఒకదాన్నొకటి రద్దుచేసుకున్న చోట శబ్దం టక్కున తెగిపోయేది.

ఆ రెండు చిక్కులనూ గిటారిస్టుల కోసం విప్పినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కెన్ షాఫర్‌ను. న్యూయార్కు మనిషి. రాక్ బృందాలకు ప్రచారకర్తగా పనిచేసి, ఎలక్ట్రానిక్స్ మీద పడ్డాడు. 1970ల నడుమ ఆయన తెచ్చిన 'షాఫర్-వేగా డైవర్సిటీ సిస్టం'లో ఒకటి బదులు రెండు రిసీవర్లు పనిచేస్తాయి. ఒక ఏరియల్ దగ్గర తరంగం చచ్చిపోతే రెండోదాని దగ్గర బతికి ఉంటుంది, మంచిదాన్ని యంత్రం ఏరుకుంటుంది. ఉరుముకు మందు ఇంకొకటి: పంపేచోట స్వరం హెచ్చుతగ్గులను నొక్కిపెట్టి, అందుకునేచోట మళ్లీ విప్పడం. పరుపును చుట్టగా బిగించి కట్టి, ఇంటికి తెచ్చి పరిచినట్టు. అదే కాలంలో కాలిఫోర్నియాలో జాన్ నేడీ కూడా ఇదే దారిలో తన సెట్లు చేసి అమ్మాడు.

1976 డిసెంబరు 12న ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో 'కిస్' బృందం కచేరీ. గిటారిస్టు ఏస్ ఫ్రేలీ మెట్లు దిగుతూ ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. దానికి ఎర్త్ లేదు. కరెంటు పట్టేసి కింద పడ్డాడు. కొంతసేపటికి లేచి, చేతిలో స్పర్శ సరిగా లేకపోయినా కచేరీ పూర్తిచేశాడు. మరుసటి ఏడాది 'షాక్ మీ' అనే పాట రాసి తానే పాడాడు. ఆ బృందం షాఫర్ సెట్లకు మారింది. గిటారిస్టుకూ ఆంప్‌కూ మధ్య ఇక లోహం లేదు. గిటార్ ద్వారా షాక్ రావడానికి దారే లేదు.

ఇక ఆస్ట్రేలియా బృందం ఏసీ/డీసీలో బడి యూనిఫాం వేసుకుని, క్షణం ఒకచోట నిలవని గిటారిస్టు ఆంగస్ యంగ్. గాయకుడు బాన్ స్కాట్ అతన్ని భుజాల మీద ఎక్కించుకుని జనంలోకి తీసుకెళ్లేవాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందెప్పుడో బ్యాటన్ రూజ్‌లో స్లిమ్‌ను ఎత్తుకొచ్చిన దృశ్యమే మళ్లీ వచ్చింది, వెనక ఈడ్చుకొచ్చే వైరు మాత్రం లేదు, దాని బదులు షాఫర్ సెట్. ఆంగస్ అక్కడితో ఆగలేదు. నొక్కి విప్పే ఆ సర్క్యూట్ స్వరానికి ఒక పదును, ఒక ఒత్తు ఇస్తోందని అతని చెవి పట్టేసింది. స్టూడియోలో ఎటూ కదలనక్కరలేని చోట కూడా అదే సెట్ వాడాడు. 1980లో వచ్చిన 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బంలో గిటార్ గొంతు వెనక ఉన్నది అదే. ఏళ్ల తరబడి గిటారిస్టులు అవే గిటార్లు, అవే ఆంప్‌లు కొని, ఆ స్వరం ఎందుకు రావడం లేదో తెలియక తలలు పట్టుకున్నారు.

ఆ తర్వాతి నలభై ఏళ్లలో వైర్‌లెస్‌కు కష్టం ఆకాశంలో వచ్చింది. ఈ సెట్లు చాలావరకు టీవీ ఛానెళ్ల మధ్య ఖాళీల్లో బతికేవి. అమెరికాలో టీవీ డిజిటల్ అయి, ఆ ఖాళీలు మొబైల్ ఫోన్లకు వెళ్లిపోయాయి. 2010 జూన్ 12 తర్వాత 700 మెగాహెర్ట్జ్ పట్టీలోనూ, 2020 జులై 13 తర్వాత 600 మెగాహెర్ట్జ్ పట్టీలో చాలామేరకూ వైర్‌లెస్ మైకులు వాడకూడదన్నారు. బాగా పనిచేస్తున్న సెట్లు ఒక్క ఉత్తర్వుతో పాత సామానైపోయాయి. నలభై ఏళ్ల కిందటి కేబుల్‌ను మాత్రం ఈ రోజు గుచ్చినా మోగుతుంది. కేబుల్ పక్షాన ఇంతకంటే బలమైన మాట లేదు.

చిన్న సెట్లు వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌కు మారి డిజిటల్ అయ్యాయి. స్వరాన్ని అంకెలుగా మార్చి, మళ్లీ స్వరం చెయ్యడానికి కాస్త సమయం పడుతుంది. 2018లో బాస్ కంపెనీ తెచ్చిన డబ్ల్యుఎల్-20లో అది 2.3 మిల్లీసెకన్లు. ఆ కాసేపట్లో గాలిలో శబ్దం 80 సెంటీమీటర్లు కూడా వెళ్లదు. ఆంప్‌కు రెండున్నర అడుగులు దూరం జరిగినంత తేడా. దాన్ని పట్టుకుని వైర్‌లెస్‌ను కాదనడం సబబు కాదు. బ్యాటరీ అయిపోవడం, వెయ్యి ఫోన్లున్న హాల్లో తరంగం చిక్కుబడడం అసలు భయాలు. చిన్న గదిలో, పెడల్స్ ముందు నిలబడి వాయించేవాడికి పదిహేను అడుగుల మంచి కేబుల్ చాలు. పెద్ద వేదిక మీద నడిచేవాడికి, తడి నేల మీద, ఎర్త్ నమ్మలేని పందిట్లో వాయించేవాడికి వైర్‌లెస్ కావాలి.

ఆ డబ్ల్యుఎల్-20లో ఇంకొక సంగతి ఉంది. రేడియోలో వచ్చే స్వరం మరీ తేటగా ఉందని గిటారిస్టులు అంటారు, ఎందుకంటే తినేయడానికి మధ్యలో వైరు లేదు. అందుకని కేబుల్ పైమెరుపును ఎంత తింటుందో అంత తగ్గించే సర్క్యూట్‌ను అందులో పెట్టారు. మరోవైపు, పాత షాఫర్ సెట్ స్వరం కోసం ఏళ్లపాటు వెతికిన ఒక గిటారిస్టు దాని సర్క్యూట్‌ను తిరిగి తయారు చేయించాడు. ఆంగస్ యంగ్ దాన్ని 2014 నాటి 'రాక్ ఆర్ బస్ట్' ఆల్బంలో వాడాడు. ఆ తర్వాత అదే పెడల్ రూపంలోనూ వచ్చింది. అందులో రేడియో లేదు, ఏరియల్ లేదు. అటొక జాక్, ఇటొక జాక్. రెండు కేబుళ్లు గుచ్చి వాయించుకోవాలి.