గండి పడకముందు

గండికోటకు ఆ పేరు పెన్నానది కొండలను చీల్చుకొని పోయిన గండివలన వచ్చినది. కాని రాయలసీమ రైతుకు గండి అనగానే తోచేది చెరువుకట్ట తెగుట. ఈ కడప జిల్లాలోనే 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనము చెరువుకు ఉండరాని ఆరు దోషాలను పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరుట వాటిలో ఒకటి. మెదడులోని రక్తనాళాలకు కూడ ఇట్టి దోషము ఒకటి కలదు.

గుండెనుండి ధమనులలో జోరుగా వచ్చే నెత్తురు సన్నని కేశనాళికలలో చీలి, వేగము తగ్గి, సిరలకు చేరును. కాలువనీరు పిల్లకాలువలలో పంచబడి మడికి చేరినట్లే. కొందరి మెదడులో ఒకచోట ఈ కేశనాళికలు ఉండవు. ధమనులు, సిరలు నేరుగా కలిసి చిక్కుముడి పడును. ఆ ఒత్తిడికి ఓర్వలేక నాళము ఒకనాడు చిట్లవచ్చును. అప్పుడు హఠాత్తుగా భరింపరాని తలనొప్పి, వాంతులు, పక్షవాతము, ఒక్కొక్కప్పుడు మరణము కలుగును. చిట్లకుండ మూర్ఛలు మాత్రమే వచ్చేవారు, ఏ బాధా ఎరుగనివారు కూడ కలరు.

పందొమ్మిదవ శతాబ్దిలో వైద్యులకు ఈ చిక్కుముడి ఎక్కువగా శవపరీక్షలలోనే కనబడినది. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ ధమనిలోనికి మందు ఎక్కించి మెదడు నాళాలను ఎక్స్‌రే తీసినాడు. దానితో బ్రతికియున్న మనిషిలోనే చిక్కుముడిని చూచుట సాధ్యమైనది. 1928లో అమెరికాలో కుషింగ్, డాండీలు దీనికి కత్తి పెట్టుట ఎంత ప్రమాదమో వివరించినారు. 1932లో స్వీడన్‌లో ఒలివెక్రోనా దానిని పూర్తిగా తొలగించగలిగినాడు. మన దక్షిణాదిన 1949లో వేలూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి మెదడు శస్త్రచికిత్సను నెలకొల్పినారు.

మరి, చికిత్స చేయక వదలిన ఏమగును? ఫిన్లండు వైద్యులు అట్టి 166 మందిని సగటున సుమారు 24 సంవత్సరాలు గమనించి, 1990లో ఫలితాలు ప్రకటించినారు. ఏటా నూటికి నలుగురికి రక్తస్రావము, నూటికి ఒకరికి మరణము సంభవించినవి. ఏటికి 4 అన్నది చిన్న అంకెగానే తోచును. కాని ఆ లెక్కన 20 సంవత్సరాలలో సగముమందికి మించి ఈ ఆపదకు గురియగుదురు.

అట్లని అందరికీ శస్త్రచికిత్స తగదు. ఎన్నడూ చిట్లని చిక్కుముడి గల 223 మందిపై జరిపిన అంతర్జాతీయ పరిశీలన 2014లో వెలువడినది. సుమారు 33 నెలలలో, మందులతోనే ఉన్నవారిలో నూటికి 10 మంది, చిక్కుముడికి చికిత్స పొందినవారిలో నూటికి 31 మంది పక్షవాతమునకో మరణమునకో గురియైనారు. ఆ గడువు చాలదని కొందరు వైద్యులు వాదించినారు. ఒకసారి చిట్లినదాని సంగతి వేరు. అది మరల చిట్లే అవకాశము హెచ్చు. ఊరుతున్న కట్టను వానల దాక వదలరాదు. గట్టిగా నిలిచిన కట్టను ఊరక త్రవ్వరాదు.

ఏది ఏ కట్టయో పరీక్షలే తేల్చవలెను. కనుక మొదటిసారి వచ్చిన మూర్ఛను గాలి సోకినదని భూతవైద్యునికి అప్పగింపక, పిడుగు పడినట్లు వచ్చిన తలనొప్పిని పైత్యమని సరిపెట్టుకొనక, వెంటనే పెద్దాసుపత్రికి పోవుట ప్రాణరక్షణము.