దీనుల గది ఎక్కడ?

మాచర్ల నుంచి విజయపురి సౌత్ వెళ్లి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ చేరతాం. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని తోబుట్టువు శాంతిసిరి బౌద్ధ మహాచైత్యాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత భట్టిదేవి, కొడబలిసిరి విహారాలు కట్టించారు. యజ్ఞం మగవాళ్లది, కట్టడం ఆడవాళ్లది అన్నట్టుంటుంది ఆ కొండ చరిత్ర.

శాంతిసిరి ఎవరో శాసనం చెప్పే తీరు మనకు తెలిసిందే. రాజుగారి తోబుట్టువు, మహాతలవరుడి భార్య, ఫలానావాడి తల్లి, వీరపురుషదత్తుడికి మేనత్త, అత్త. మేనరికం అల్లిన ఈ వరసల తర్వాతే ఆమె గుణాలొస్తాయి. శ్రమణులకూ, బ్రాహ్మణులకూ, దీనులకూ ఎడతెగకుండా ఇచ్చేదట.

రాజకుటుంబీకురాలు కాని ఉపాసిక బోధిసిరి శాసనం ఇంకో రకం. అత్తింటివారినీ పుట్టింటివారినీ, అందులో ఆడవాళ్లనూ, పేరుపేరునా తలచుకుంటుంది. తర్వాత లెక్క చెబుతుంది: ఒకచోట ఒక గది, ఒకచోట మూడు, ఇంకోచోట ఏడు, ఒక చెరువు, ఒక రాతి మండపం. చివర్న రాతిపనివాడు విధికుడి పేరు కూడా ఉంది. ఇంటి ఖర్చు రాసుకునే ఆడమనిషి పద్దులా అనిపిస్తుంది నాకు.

ఆ గదులు ఎవరికి? విహారమంటే మధ్యలో పల్నాటి సున్నపురాతి స్తంభాల మండపం, చుట్టూ ఇటుక గోడల చిన్న గదుల వరసలు, దగ్గర్లో చైత్యగృహం. వాటిలో ఉండేది భిక్షువులు. ఇంగ్లండులోని ఆపిల్‌బీలో లేడీ ఆన్ క్లిఫర్డ్ 1651లో మొదలుపెట్టిన ధర్మశాలలోనూ నడిమి వాకిలి చుట్టూ గదులు, ఒక ప్రార్థనామందిరం ఉన్నాయి. కానీ ఆ గదులు పేద వితంతువులవి. అక్కడ పేదరాలికి నియమాలతో పాటు ఒక తలుపు దొరికింది. ఇక్కడ దీనులు దాత బిరుదులో ఒక మాటగా మిగిలారు.

శాంతిసిరి అన్నం పెట్టలేదని కాదు. పెట్టిన అన్నానికి పునాది రాళ్లుండవు. 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాల్లో విహారాలు బయటపడ్డాయి. సాగర్ జలాశయంలో లోయ మునిగే ముందు కొన్ని కట్టడాలను కొండ మీదికీ, అనుపుకీ తరలించారు. తరలించడానికైనా రాయి ఉండాలి కదా!

స్త్రీల దాతృత్వాన్ని చరిత్రకెక్కించే పనిలో ఉన్నాం మనం. దాత పేరు దొరకగానే సంబరపడి ఆగిపోకుండా, ఆమె గుమ్మం ముందు చెయ్యి చాచి నిలబడిన ఆడదాన్ని కూడా అడగాలి: అమ్మా, రాత్రి ఎక్కడ పడుకున్నావు?