ఎగిరే డేగను గుర్తుపట్టిన కొండ

ఆకాశంలో ఎగిరే వేటపక్షి ఏ జాతిదో చెప్పడం చాలా కష్టం. ఎత్తున, వెలుగుకు ఎదురుగా ఎగిరేటప్పుడు రంగులు తెలియవు, నల్లటి నీడే కనిపిస్తుంది. పోల్చి చూడడానికి పక్కన చెట్టో గుట్టో ఉండదు కాబట్టి పరిమాణం అంచనాకు అందదు. పైగా చాలా జాతుల్లో మగదానికంటే ఆడది పెద్దది; లేత పక్షుల ఈకలు ముదురు పక్షుల ఈకల్లా ఉండవు. అందుకే 19వ శతాబ్దపు పక్షి శాస్త్రజ్ఞులు సాధారణంగా పక్షిని తుపాకీతో కొట్టి, చేతిలోకి తీసుకున్నాకే పేరు తేల్చేవారు.

జాతి తెలియకుండా తుపాకీ ఎత్తితే ఎంత నష్టమో అమెరికాలోని పెన్సిల్వేనియాలో తేలింది. శరదృతువులో వాయవ్య గాలి అక్కడి కిటటిన్నీ కొండవరుసకు తగిలి పైకి లేస్తుంది. దక్షిణానికి వలసపోయే డేగలు, గద్దలు ఆ గాలిమీద, రెక్కలు పెద్దగా ఆడించకుండానే, శిఖరాన్ని ఆనుకుని సాగిపోతాయి. 1929లో రాష్ట్రం గోషాక్ అనే డేగను చంపితే 5 డాలర్ల బహుమానం ప్రకటించింది. వేటగాళ్లు మాత్రం జాతి చూడకుండా కంటపడిన ప్రతి డేగనూ కాల్చారు. 1932లో పక్షి ప్రేమికుడు రిచర్డ్ పో తీసిన ఫొటోల్లో చచ్చిన డేగలు నేలమీద వరుసలుగా పరిచి ఉన్నాయి.

1934లో పక్షి సంరక్షణ ఉద్యమకారిణి రోజలీ ఎడ్జ్ ఆ కొండపై దాదాపు 1,400 ఎకరాలు కౌలుకు తీసుకుని వేట ఆపించారు. అదే హాక్ మౌంటెన్. కాపలాకు వచ్చిన మారిస్ బ్రౌన్ అక్కడే నిలబడి, ఎగిరిపోయే పక్షులను జాతులవారీగా లెక్కపెట్టారు. అదే ఏడాది వెలువడిన రోజర్ టోరీ పీటర్సన్ పక్షుల గుర్తింపు పుస్తకం (ఫీల్డ్ గైడ్), కింది నుంచి చూస్తే డేగలు ఎలా కనిపిస్తాయో బొమ్మల్లో చూపింది. గుర్తింపు ఆకారం మీదికి, ఎగిరే తీరు మీదికి మళ్లింది. టర్కీ రాబందు రెక్కలను పైకెత్తి పట్టి అటూ ఇటూ ఊగుతూ పోతుంది. బాల్డ్ ఈగిల్ రెక్కలు పలకలా చదునుగా ఉంటాయి. షార్ప్-షిన్డ్ హాక్ తోక కొస కత్తిరించినట్టు ఉంటుంది, కూపర్స్ హాక్ తోక కొస గుండ్రంగా ఉంటుంది.

ఈ నేర్పు పక్షులనే కాపాడింది. లేత బాల్డ్ ఈగిల్‌కు తెల్లతల ఉండదు, ఒళ్లంతా ముదురు రంగే. 1935-39 మధ్య హాక్ మౌంటెన్‌లో కనిపించిన ఈగిల్స్‌లో 40 శాతం లేతవి. 1955-59 నాటికి అవి 20 శాతానికి పడిపోయాయి. డీడీటీ అనే పురుగుమందు వల్ల ఈ ఈగిల్స్ పిల్లలను కనలేకపోతున్నాయని చెప్పడానికి రచయిత్రి రేచల్ కార్సన్ 1962లో తన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో ఈ లెక్కలనే చూపారు. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. ఆ కొండమీద లెక్క ఇప్పటికీ ప్రతి శరదృతువులో సాగుతోంది.