విప్పి చూసే హక్కు: రివర్స్ ఇంజనీరింగ్ చరిత్ర నుంచి మూడు పాఠాలు



ఇంట్లో రేడియోను విప్పి, తిరిగి బిగించలేక పెద్దలతో చివాట్లు తిన్నవారు మీలో కొందరైనా ఉంటారు. ఆ కుతూహలానికి ఇంజనీరింగ్‌లో ఒక పేరుంది. దాన్నే రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. మామూలుగా ఇంజనీరు ఒక ఆలోచనతో మొదలుపెట్టి, నమూనా గీసి, చివరికి వస్తువును తయారు చేస్తాడు. రివర్స్ ఇంజనీరింగ్‌లో తయారైన వస్తువుతో మొదలుపెట్టి, దాని వెనుక ఉన్న ఆలోచన దాకా వెనక్కి నడుస్తాం.

మరి ఇతరులు కష్టపడి తయారు చేసినదాన్ని విప్పి చూడటం నేర్చుకోవడం అవుతుందా, దొంగతనం అవుతుందా? ఇలాంటి ప్రాజెక్టు చేసే విద్యార్థికి ఈ ప్రశ్న తప్పక ఎదురవుతుంది. సమాధానం కోసం చరిత్రలోని మూడు సంఘటనలను పరిశీలిద్దాం.

1. రెండు బృందాలు, మధ్యలో ఒక గోడ

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ఇంటెల్ 8088 ప్రాసెసర్‌తో సహా అందులోని భాగాలు చాలావరకు బజారులో ఎవరైనా కొనుక్కోగలిగినవే. ఐబీఎంకు మాత్రమే సొంతమైనది బయాస్ అనే చిన్న ప్రోగ్రాము. కంప్యూటర్ ఆన్ కాగానే యంత్రభాగాలను మేల్కొలిపేది అదే. దాని కోడ్‌ను ఐబీఎం తన సాంకేతిక గ్రంథంలో అచ్చు వేసింది కూడా. కానీ దానికి కాపీరైట్ రక్షణ ఉంది. చదవవచ్చు, నకలు చేయకూడదు.

1982లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ప్రారంభమైన కాంపాక్ సంస్థ దీనికొక ఉపాయం ఆలోచించింది. ఒక బృందం ఐబీఎం బయాస్‌ను పరిశీలించి, అది ఏ పని చేస్తుందో మాత్రమే రాసింది. ఆ కోడ్‌ను ఎన్నడూ చూడని రెండో బృందం, ఈ వివరణ ఆధారంగా సొంతంగా కొత్త కోడ్ రాసింది. దీనికే క్లీన్ రూమ్ పద్ధతి అని పేరు. 1982 నవంబరులో ప్రకటించిన కాంపాక్ పోర్టబుల్, 1983లో అమ్మకానికి వచ్చింది. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇదే పద్ధతిలో బయాస్ తయారు చేసి ఇతర తయారీదారులకు అమ్మడంతో, ఐబీఎంకు అనుకూలమైన కంప్యూటర్లను అనేక సంస్థలు తయారు చేయగలిగాయి. ఒక వస్తువు చేసే పని వేరు, దాన్ని రాసిన తీరు వేరు. మొదటిదాన్ని నేర్చుకోవచ్చు. రెండోదాన్ని నకలు చేయకూడదు.

2. ఒక విద్యార్థి, ఒక ఆటల యంత్రం

కాంపాక్ ఒక వ్యాపార సంస్థ. ఆ పని ఒక్క విద్యార్థి చేయగలడా? 2001 నవంబరు 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రాన్ని అమెరికాలో విడుదల చేసింది. అప్పుడు ఎంఐటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ హువాంగ్ దాన్ని విప్పాడు. యంత్రాన్ని ప్రారంభించే ప్రోగ్రాము ఫ్లాష్ మెమరీ చిప్‌లో ఉన్నట్లు పైకి కనిపించింది. పరీక్షించగా అది అసలైనది కాదని తేలింది. అసలు ప్రోగ్రాము 512 బైట్లు మాత్రమే. అది మరొక చిప్ లోపల దాగి ఉంది.

అతడు ఆ చిప్‌ను కోయలేదు. రెండు చిప్‌ల మధ్య రాగిగీతల మీద సెకనుకు సుమారు 40 కోట్ల బైట్ల వేగంతో సాగే సంకేతాలను, సొంతంగా తయారు చేసుకున్న చిన్న సర్క్యూట్ బోర్డుతో పట్టుకున్నాడు. రహస్య తాళంచెవి ఆ దారిలో ఏ ముసుగూ లేకుండా ప్రయాణిస్తోంది! పెట్టె ఎంత గట్టిదైనా తాళంచెవిని వీధిలో నడిపిస్తే భద్రత ఉండదని అందరికీ అర్థమైంది.

అయితే 1998లో వచ్చిన అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం భయం వెంటాడింది. మొదట విద్యాసంస్థ ఈ పనితో తనకు సంబంధం లేదన్నది. తరువాత అతడి ప్రయోగశాల అండగా నిలవడంతో 2002 మే 26న ఆ పరిశోధన వెలువడింది.

3. కోర్టుకెక్కిన ప్రయాణ కార్డు

మూడో కథ ఐరోపాలో జరిగింది. మైఫేర్ క్లాసిక్ అనే చిప్ 1994లో విడుదలై, తరువాత అనేక నగరాల ప్రయాణ కార్డులలో వాడుకలోకి వచ్చింది. దాని రహస్య సంకేత పద్ధతిలో తాళంచెవి పొడవు 48 బిట్లు, అంటే సుమారు 281 లక్షల కోట్ల అవకాశాలు. పద్ధతిని రహస్యంగా ఉంచడమే రక్షణ అని తయారీదారులు భావించారు.

2007 డిసెంబరులో కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ అనే యువ పరిశోధకులు బెర్లిన్ సదస్సులో ఆ రహస్యాన్ని చాలావరకు వివరించారు. కార్డు ప్లాస్టిక్‌ను కరిగించి, చిప్‌ను పొరలు పొరలుగా అరగదీసి, సూక్ష్మదర్శినితో ఫొటోలు తీసి వారు దాన్ని కనుగొన్నారు. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ బృందం చిప్‌ను విప్పకుండానే, కార్డుకూ యంత్రానికీ మధ్య సాగే సంభాషణను పరిశీలించి పూర్తి పద్ధతిని రాబట్టింది. 2008 మార్చిలో ముందుగా ప్రభుత్వానికీ, తయారీ సంస్థ ఎన్‌ఎక్స్‌పీకీ తెలియజేసింది.

ప్రచురణను ఆపాలని ఆ సంస్థ కోర్టుకు వెళ్లింది. 2008 జూలై 18న ఆర్న్‌హెమ్ కోర్టు అందుకు నిరాకరించింది. పరిశోధన ఫలితాలను ప్రచురించడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమనీ, నష్టానికి మూలం లోపమున్న చిప్పేననీ అభిప్రాయపడింది. అక్టోబరులో పరిశోధన పత్రం వెలువడింది.

మన చట్టం ఏమంటుంది?

మన దేశంలోనూ నేర్చుకునేవారికి చట్టం చోటు ఇచ్చింది. పేటెంట్ల చట్టం, 1970లోని 47వ సెక్షన్ ప్రయోగాలకు, పరిశోధనకు, విద్యార్థుల బోధనకు మినహాయింపు ఇస్తుంది. చిప్ నమూనాలను రక్షించే 2000 నాటి చట్టం కూడా పరిశోధనకు, బోధనకు ఇలాంటి వెసులుబాటు కల్పించింది. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రోగ్రాము వెనుక ఉన్న సూత్రాలను తెలుసుకోవడానికి దాని పనితీరును పరిశీలించవచ్చు. అంతమాత్రాన నకలు చేసి అమ్ముకోవచ్చని కాదు సుమా!

మీరు చేయదగిన ప్రాజెక్టు

ఇంట్లోని టీవీ రిమోట్‌తో ప్రారంభించండి. 38 కిలోహెర్ట్జ్ ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్‌ను కళాశాల ఆసిలోస్కోప్‌కు కలిపి ఒక్కొక్క బటన్ నొక్కండి. చాలా రిమోట్లు వాడే ఎన్‌ఈసీ పద్ధతి అయితే, మొదట 9 మిల్లీసెకన్ల స్పందన, తరువాత 4.5 మిల్లీసెకన్ల విరామం, ఆపైన 32 బిట్లు కనిపిస్తాయి. సున్నాకు 1.125, ఒకటికి 2.25 మిల్లీసెకన్లు పడుతుంది. అయినా ఏ బటన్ నొక్కినా సందేశం సుమారు 67.5 మిల్లీసెకన్లే ఉంటుంది. ఎందుకు? ప్రతి 8 బిట్లనూ పంపిన వెంటనే వాటిని తలకిందులు చేసి మళ్లీ పంపుతారు. అందుచేత ఒకట్లు 16, సున్నాలు 16 ఎప్పుడూ సమానం. పొరపాటును పట్టుకోవడానికి రూపకర్త చేసిన ఏర్పాటు ఇది. ఎవరూ చెప్పకుండానే మీరు అతడి ఆలోచనను చదివారన్నమాట!

ఒక హెచ్చరిక. పిక్చర్ ట్యూబ్ టీవీలను, మైక్రోవేవ్ ఓవెన్లను విప్పవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా వాటిలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

పై మూడు సంఘటనలలోనూ ఒక పోలిక గమనించారా? కాంపాక్ బృందాలు ఎవరు ఏది చూశారో లెక్క చెప్పగలిగాయి. హువాంగ్ తన కొలతలను బయటపెట్టగలిగాడు. డచ్ బృందం తాను ఎవరికి, ఎప్పుడు తెలియజేసిందో చూపగలిగింది. నేర్చుకునేవాడు తన దారిని దాచడు. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక నోట్‌బుక్ తెరవండి. తేదీ వేయండి, బొమ్మ గీయండి, కొలిచినది రాయండి, ఊహించినది ఊహ అనే రాయండి. ఇది నేర్చుకోవడమా, దొంగతనమా అని ఎవరైనా అడిగితే, ఆ నోట్‌బుక్‌ను వారి ముందు ఉంచండి.