అరచేతిలో పాత ఆటలు



వేసవి సెలవులకు హాలహర్వి వచ్చిన మా మనవడు ఒక చిన్న యంత్రాన్ని నా చేతిలో పెట్టి, “తాతా, ఇందులో పాత ఆటలన్నీ ఉన్నాయి, చూడు” అన్నాడు. పాత ఆటలనగానే నా మనస్సు పులిజూదం మీదికీ, వామనగుంటల మీదికీ పోయింది. వాడి కాలగణనలో పాతవంటే 1985 నాటివి!

దాని పేరు మియూ మినీ ప్లస్. చైనాలో తయారైనది. జేబులో పట్టే పెట్టె, మూడున్నర అంగుళాల తెర, ఎడమ బొటనవ్రేలికి కూడిక గుర్తు వంటి మీట, కుడి బొటనవ్రేలికి నాలుగు బొత్తాలు. తొలిచూపులో నాకు నచ్చనిది ఆటల పట్టిక. చీమ తలకాయలంత అక్షరాలలో వేల పేర్లు దిగుతూ పోతాయి. ఏది ఎవరు చేసినదో, ఏ సంవత్సరానిదో చెప్పే పంక్తి ఒక్కటీ కనబడదు. కర్తా కాలమూ లేని గ్రంథసూచిని ఏ పండితుడు మెచ్చుకొంటాడు? నచ్చినది తెర. 1989లో వెలువడిన గేమ్ బాయ్ తెరకు అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలే. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. ఈ కొత్త తెర 640, 480 చుక్కలది కనుక పాత చుక్క ఒక్కొక్కటి మూడు వరుసలలో మూడేసిగా తొమ్మిది చుక్కలై, అంచు చెదరకుండ నిలిచింది. నా కంటికి అది ముగ్గు వలె తోచింది.

ఈ పెట్టెలో నింటెండో వారి యంత్రభాగం ఒక్కటైనా లేదు. చిన్నతనంలో మా వీధికి పగటివేషగాళ్ళు వచ్చేవారు. తహసీల్దారు వేషం కట్టినవాడు గద్దిస్తే, నిజమనుకొని లేచి నిలుచున్న పెద్దలను నేనెరుగుదును. ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము చేసేదీ అదే పని. పాత యంత్రం ఏ ఆజ్ఞకు ఎట్లు బదులిచ్చేదో తానూ అట్లే బదులిస్తుంది. ఆట మాత్రం సొంత ఇంటిలోనే ఉన్నాననుకొంటుంది. దీనిని ‘అనుకారి’ అందామా? ఇంతకంటె మంచి మాట ఎవరైనా చెబితే సంతోషమే.

ఈ విద్య ఆటల కోసం పుట్టినది కాదు. 1964లో ఐబిఎం సంస్థ సిస్టమ్/360 యంత్రాలను ప్రకటించినపుడు, అంతకు మునుపటి 1401 యంత్రానికై వ్రాయించుకొన్న ప్రోగ్రాములను పారవేయనక్కరలేకుండ, కొత్తదానిలోనే పాతదానిని అనుకరించే ఏర్పాటు కల్పించింది. ఆటల అనుకారులు 1990లలో ఇళ్ళలోని కంప్యూటర్లకు పాకాయి. మేమ్, నెస్టికల్ అనేవి 1997లో వచ్చాయి. ఆ విద్యను అరచేతిలోకి దింపిన తొలి యంత్రాలలో ఒకటి 2001 నాటి కొరియా వారి జీపీ32.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం పరిమాణం 40,960 బైట్లు. యూనికోడ్ తెలుగులో ప్రతి సంకేతమూ యుటిఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తింటుందని మనకు తెలిసినదే. అనగా ఇటువంటి టపాలు రెండు మూడు వ్రాస్తే నిండిపోయే చోటులో మబ్బులు, తాబేళ్ళు, కోటలు, సంగీతం, 32 మజిలీలు ఇమిడ్చారు. నలభై ఏళ్ళు పిల్లలకు సంక్షిప్తంగా వ్రాయమని బోధించినవాణ్ణి, తల వంచక తప్పలేదు.

ఇక నా పాత ఆటలు. మా ఆలూరు తాలూకా 1953 అక్టోబరు దాకా బళ్ళారి జిల్లాలోనిది. ఎల్ల మారినా ఆటలు మారలేదు. ఇక్కడి వామనగుంటలే అవతల అళగుళి మణె, ఇక్కడి అష్టాచెమ్మయే అవతల చౌకాబార. హంపిలో రాతి నేలల మీద చెక్కిన ఆటపటాలు నేటికీ కనబడతాయి. పులిజూదానికి మూడు పులులు, పదునైదు మేకలు, 23 కూడళ్ళు. (కూడలి అనగానే మనలో పాతవారికి జ్ఞప్తికి వచ్చేది వేరొకటి; దాని కథ వేరు.) సుద్దముక్కా, చింతపిక్కలూ ఉంటే ఏ అరుగైనా చాలును. పటం రాతిమీద, నియమం మనుషుల నోట. రాయి పగిలినా ఆట పోదు. వీడియో ఆటలో పటమూ నియమమూ ఒకే చిప్పులో బందీలు. యంత్రం చెడితే రెండూ పోయినట్లే. వాటిని మరల విడదీసి, ఏ అరుగు మీదనైనా ఆడుకొనే వీలు కలిగించినది ఈ అనుకారి.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు అంగట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అనుకారి నిర్మాణానికై సోనీ వారి ప్రోగ్రామును నకలు తీసి పరిశీలించడం న్యాయసమ్మతమేనని 2000లో కనెక్టిక్స్ వ్యాజ్యంలో అక్కడి అప్పీలు న్యాయస్థానం చెప్పింది. అయితే ఆటలను హక్కుదారుల అనుమతి లేకుండ కార్డులో కుక్కి అమ్మడం వేరు మాట. దానిని నేను సమర్థించలేను. ఆడటం మాత్రం మానలేదని ఒప్పుకొంటున్నాను.

పట్టికలో నేను వెదకినది ఒక్క ఆటనే. 1990ల నడుమ మా బడిపిల్లల చేతులలో చవకరకపు బ్రిక్ గేమ్ పెట్టెలు కనబడేవి. అడ్డంగా పది, నిలువుగా ఇరవై గడుల తెర. పైన ‘9999 ఆటలు’ అనే శుద్ధ అబద్ధం. తొమ్మిదవ తరగతిలో చంపకమాలకు గణవిభజన చేయిస్తుండగా వెనుక బల్ల నుండి కీచుమని చప్పుడైంది. పెట్టె లాగుకొని, సంవత్సరాంతంలో ఇస్తానన్నాను. బీరువాలో పెట్టాను. ఆ వేసవిలో నాకు బదిలీ అయింది. నేను ఇవ్వలేదు; వాడు అడుగలేదు.

1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ సృష్టించిన టెట్రిస్ ఈ యంత్రంలో ఉన్నది. ఆ బ్రిక్ గేమ్‌లోని కారు పందెము, ట్యాంకుల యుద్ధము మాత్రం ఎంత వెదకినా లేవు. “దాన్ని ఎవరు దాస్తారు తాతా!” అని మనవడు నవ్వాడు. నింటెండో ఆటకు విడిగా క్యాసెట్ ఉండేది. ఊడదీసి అందులోనిది చదువుకోవచ్చును. బ్రిక్ గేమ్‌కు క్యాసెట్ లేదు. ఆట సర్వస్వమూ నల్లని జిగురుబొట్టు క్రింద చిప్పులో అతికి ఉండేది. చేసినవాని పేరు పెట్టెమీద ఉండేది కాదు. గేమ్ బాయ్ కొనగలిగినవారి పిల్లలు ఆడినవి అరచేతిలోకి తిరిగి వచ్చాయి. మా బడిపిల్లలు ఆడినవి నా చేతిలోని పెట్టెలో లేవు.

ఈ యంత్రంలో ఆటను ఎక్కడ ఆపినా, మరునాడు అక్కడి నుండే అందుకొంటుంది. ఆ బ్రిక్ గేమ్‌కు అంత జ్ఞాపకం లేదు. బ్యాటరీ తీస్తే లెక్క సున్నాకు వచ్చేది. ఆనాడు బీరువాలో పెట్టేముందు, కారి పాడైపోతుందేమోనని, బ్యాటరీలు నేనే తీసి పక్కన పెట్టాను.