జోలె పట్టిన చేతికి సైనిక వేషమెందుకు?



2025 ఆగస్టు నెలాఖరులో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వరదల తరువాత, మా బిచ్కుందలో కొందరు యువకులు బాధితుల కోసం చందాలు వసూలు చేశారు. సంకల్పం ఉత్తమమైనది. వారిలో ఇద్దరు ముగ్గురు నా పూర్వ విద్యార్థుల పిల్లలే. అయితే అందరూ సైనికుల మచ్చల దుస్తులు, నల్లని బూట్లు, టోపీలు ధరించి, వరుస కట్టి బజారులో నడిచారు. రోడ్డు పక్కన కూరగాయలమ్ముకొనే ఒక వృద్ధురాలు వారిని చూడగానే, ఎవరూ నోరు తెరవకముందే కొంగుముడి విప్పి పది రూపాయల నోటు తీసి, "ఎంత జుల్మానా బిడ్డా?" అని అడిగింది. జుల్మానా అంటే జరిమానా. రోడ్డు మీద కూర్చున్నందుకు తప్పు కట్టించుకోవడానికి వచ్చారనుకొన్నది పాపం. పిల్లలు నవ్వి, నోటు పెట్టెలో వేసుకొని ముందుకు సాగారు. నాకు నవ్వు రాలేదు.

ఆ పది రూపాయలు దానమా, దండుగా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, మన ప్రాంత చరిత్రలో దీని వేళ్లు చాలా లోతుగా ఉన్నాయి.

మన ధర్మశాస్త్రకారులు దానాన్ని నిర్వచించేటప్పుడు ఇచ్చేవాని మనసుకే పెద్దపీట వేశారు. తనదైన వస్తువు మీద తన హక్కును తానే ఇష్టపూర్వకంగా వదులుకొని, అది ఇతరునిదయ్యేటట్లు చేయడమే దానం. నారదస్మృతి ఒక అడుగు ముందుకు వేసి, చెల్లని దానాలను పదహారు విధాలుగా లెక్కించింది. వాటిలో భయంతో ఇచ్చినది ఒకటి. అది ఇచ్చినా ఇవ్వనట్లే. భయంతోనైనా ఇవ్వమని తైత్తిరీయోపనిషత్తు చెప్పింది కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. అక్కడి భయం పాపభీతి. లాఠీని చూసి కలిగే భయం కాదు.

ఇక చరిత్రకు వద్దాం. నిజాం రాజ్యంలో పుట్టిన పెద్దలకు 'రజాకారు' అన్న మాట వినగానే ఒళ్లు జలదరించేది. ఆ మాట అసలు అర్థం తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 'రజా' అంటే సమ్మతి, ఇష్టం. సెలవు చీటీని మనవారు రజాచిట్టీ అనడం కూడా ఆ మాట నుండి వచ్చినదే. 'కార్' అంటే చేసేవాడు. ఇష్టపూర్వకంగా పనిచేసేవాడు రజాకారు. నేటి భాషలో స్వచ్ఛంద సేవకుడు, వాలంటీరు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకు అనుబంధంగా ఈ సేవకదళం బహదూర్ యార్ జంగ్ కాలంలో మొదలైంది. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వానికి వచ్చాక దాని స్వరూపమే మారిపోయింది. 1947-48 సంవత్సరాలలో ఖాకీ దుస్తులు, కవాతులు, కత్తులు, బల్లేలు, తుపాకులతో అది ప్రైవేటు సైన్యమయింది. ప్రభుత్వ పోలీసు ఎవరో, రజాకారు ఎవరో పల్లె మనిషికి తేడా తెలియలేదు. తెలుసుకొనే అవకాశమూ లేదు. ఇద్దరి వెనుకా ఒకే అధికారం నిలబడినట్లు ఆ వేషం చెప్పింది.

మా మాతామహులకు ఈ ప్రాంతంలోనే చిన్న కిరాణా దుకాణం ఉండేది. ఆయన చిట్టాలో ధర్మం పద్దు వేరుగా ఉండేదట. గుడి ఉత్సవానికిచ్చినా, దర్గా ఉర్సుకిచ్చినా, జంగమయ్య జోలెలో వేసినా ఆ పద్దులోనే రాసేవారు. 1948 వేసవిలో ఖాకీలు తొడుక్కొని వచ్చినవారు చందా పేరుతో తీసుకొనిపోయిన పాతిక హాలీ రూపాయలను మాత్రం దండుగ పద్దులో రాశారని మా అమ్మ చెప్పేది. అడిగినవారు దాన్ని చందా అన్నారు. ఇచ్చినవాడు దండుగ అని రాసుకొన్నాడు. శాస్త్రం చదవని ఆ దుకాణదారుకు నారదస్మృతి సారం తెలుసునన్న మాట.

ఇందులో మతాన్ని నిందించవలసిన పని లేదు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఎదిరించి రాసిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదులో నరికి చంపారు. ఆయన కూడా ముస్లిమే. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో ఆ దళం కథ ముగిసింది. మాట మాత్రం మిగిలింది. సమ్మతి అన్న అర్థం గల మాట సమ్మతి లేకపోవడానికి గుర్తుగా మిగలడం కంటె విషాదం భాషకు మరొకటి ఉంటుందా?

అయితే ఒక పక్షమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఒకే రకమైన దుస్తులకు గుణాలు లేకపోలేదు. క్రమశిక్షణ వస్తుంది, గుంపులో ఎవరు బాధ్యులో తెలుస్తుంది, దొంగ వసూళ్లవారిని గుర్తుపట్టడం తేలికవుతుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని నిర్ణయించింది. ఆ సమావేశానికి వెల్లువలా వచ్చిన జనాన్ని అదుపులో ఉంచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు సేవకులు. పేరులో దండు ఉన్నది, నడకలో క్రమం ఉన్నది. కాని ఒంటి మీద ఖాకీ లేదు. కాషాయాంబరాలు, రుద్రాక్షమాలలు ధరించారు. మన దేశంలో కాషాయం అడుక్కొనేవాని వస్త్రం. అది చూసినవాడు భయపడి తప్పుకోడు, దగ్గరకు వస్తాడు.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా డాక్టర్ హర్డీకర్ నాయకత్వాన హిందుస్తానీ సేవాదళం ఏర్పడినప్పుడు కూడా, ఈ సైనిక పద్ధతి అహింసకు పొసగుతుందా అని సందేహించిన పెద్దలున్నారు. 1928 కలకత్తా కాంగ్రెసులో సుభాష్ చంద్రబోసు సేనాధిపతి వేషంలో వాలంటీర్లను నడిపించారు. ఆ ఆర్భాటం గాంధీజీకి రుచించలేదు. బోసు దేశభక్తిని శంకించేవారెవరూ లేరు. సందేహమంతా వేషం గురించే.

క్రైస్తవ సేవాసంస్థలలో సైనిక దుస్తులకు పేరుపడ్డది రక్షణ సైన్యం. 1882లో ఆ సంస్థ పనికై బొంబాయిలో దిగిన ఫ్రెడరిక్ టక్కర్ అంతకుముందు పంజాబులో ఆంగ్ల ప్రభుత్వోద్యోగి. ఆయన ఆ అధికార చిహ్నాలన్నీ వదలి కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకొని, భిక్షాపాత్ర పట్టి ఊళ్లు తిరిగాడు. ఈ దేశంలో అడగవలసినవాడు ఏ వేషంలో అడగాలో ఆయన గ్రహించాడు. అదే సంస్థకు కొన్ని దశాబ్దాల తరువాత బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో, నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారి సెటిల్మెంటును నడిపే అధికారాన్ని ప్రభుత్వం అప్పగించింది. అక్కడ సేవతోపాటు హాజరు పట్టీ కూడా వచ్చింది. ఇవ్వడానికైనా పుచ్చుకోవడానికైనా, అధికారం తోడైనచోట ఎదుటివానికి కాదనే వీలు తగ్గిపోతుందని దీనివల్ల తెలుస్తున్నది.

మన పల్లెల్లో యాచకుల వేషాలను గమనించండి. హరిదాసు నెత్తిన అక్షయపాత్ర, జంగమయ్య చేతిలో గంట, గంగిరెద్దులవాని ఒంటి మీద నలుగురిచ్చిన పాత కోట్లు. ఇవన్నీ కూడా ఒక విధమైన యూనిఫారాలే. దూరం నుండే మనిషిని గుర్తుపడతాం. కాని ఆ వేషాలు, "నేను మీ గుమ్మం ముందు నిలబడ్డాను, ఇస్తే సంతోషం, లేకుంటే పక్కింటికి పోతాను" అంటాయి. గుర్తింపునిచ్చే వేషం వేరు, ఆజ్ఞాపించే వేషం వేరు.

ఇంకొక చిత్రం. నిజమైన సైనికుల కోసం మనం విరాళాలు ఎట్లా సేకరిస్తున్నాం? 1949 నుండి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకొంటున్నాం. నేను ఉద్యోగంలో ఉన్న కాలమంతా బడి పిల్లలు చిన్న కాగితపు జెండాలు పట్టుకొని పావలా, రూపాయి పోగుచేసి తెచ్చేవారు. సైనికుని కోసం అడిగేవాడే సైనిక వేషం వేయనప్పుడు, వరద బాధితుల కోసం అడిగేవానికి దాని అవసరమేమిటి? పైగా సైనికుడని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో సైనికుని దుస్తుల వంటివి ధరించడం నేరం. పూర్వపు శిక్షాస్మృతిలో అది 140వ సెక్షను. 2024 జులై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షను. మూడు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మా పిల్లలకు అటువంటి ఉద్దేశం లేదు. కాని ఆ వృద్ధురాలు నమ్మనే నమ్మింది.

నిజాం రాజ్యం అంతమై మూడేళ్లు నిండకముందే, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే చేయి చాచి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాల భూమి ఇచ్చారు. అడిగినవాడు అంగవస్త్రం కప్పుకొన్న బక్కపలుచని మనిషి.

ఆ సాయంత్రం పిల్లలను పిలిచి ఇదంతా చెప్పాను. ఒకడు, "యూనిఫాం లేకుంటే మమ్మల్ని ఎవరు పట్టించుకుంటరు సార్?" అన్నాడు. "పట్టించుకోకుండా పోయే హక్కు వారికి ఉండాలి నాయనా. ఆ హక్కు ఉండి కూడా ఆగి ఇచ్చినదే దానం. మెడలో పేరు రాసిన బిళ్ల, చేతిలో రసీదు పుస్తకం ఉంటే చాలు" అన్నాను. అందరూ ఒప్పుకొన్నారని చెప్పను. ఇద్దరు మాత్రం మరునాడు మామూలు చొక్కాలతో వచ్చి, నన్ను వెంటబెట్టుకొని ఆ వృద్ధురాలి దగ్గరకు పోయి, క్షమించమని పది రూపాయలు తిరిగి ఇచ్చారు. ఆమె నోటు పట్టుకొని కాసేపు ఆలోచించి, ఎవరి కోసమని అడిగింది. చెప్పారు.

"గా మాట నిన్ననే చెప్పొద్దా బిడ్డా!" అని అదే నోటును మళ్లీ పెట్టెలో వేసింది. రసీదు మీద ఏ పేరు రాయాలో కూడా చెప్పింది.